అమ్మానాన్నలు పెట్టిన పేరు

ఏరువాక రోజులు వచ్చాయంటే నేటికీ మన పల్లెల్లో వినిపించే ఒక సినిమా పాట ఉంది. కొసరాజు రాఘవయ్య చౌదరి రాయగా, మాస్టర్ వేణు బాణీ కట్టగా, జిక్కి పాడిన పాట అది. 1955లో వచ్చిన 'రోజులు మారాయి' చిత్రంలోనిది. అరక కట్టే రైతును హుషారు చేస్తూ సాగే ఆ పాట మన పెద్దవారిలో చాలామందికి కంఠతా వచ్చు. అయితే తెర మీద ఆ పాటకు నాట్యం చేసిన అమ్మాయి ఎవరని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ.

ఆ అమ్మాయి పేరు వహీదా రెహమాన్. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. తండ్రి లేడు. తల్లికి ఆరోగ్యం బాగుండేది కాదు. ఆ మరుసటి సంవత్సరానికే ఆమె బొంబాయి చేరి హిందీ చిత్రాలలో నటించింది. కాలక్రమంలో ఆ రంగంలోని గొప్ప నటీమణులలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. భారత ప్రభుత్వం చలనచిత్ర రంగంలో ఇచ్చే అత్యున్నత పురస్కారమైన దాదాసాహెబ్ ఫాల్కే అవార్డును 2023లో, ఎనభై అయిదేళ్ల వయసులో అందుకుంది.

సినిమాలు చూడవచ్చునా, కూడదా అన్న చర్చ మన ఇళ్లలో కొత్తది కాదు. ఈ వ్యాసం ఆ చర్చను తేల్చడానికి రాసినది కాదు. పని కోసం ఇల్లు విడిచి పరాయి ఊరికి వెళ్లిన ఒక ఆడపిల్ల, తన కంటే పెద్దవారూ పలుకుబడి గలవారూ కూర్చున్న గదిలో ఏ మాటకు ఒప్పుకుంది, ఏ మాటకు ఒప్పుకోలేదు అన్న సంగతి చెప్పడానికి రాసినది. నేడు మన ఊళ్ల నుండి ఎందరో ఆడపిల్లలు పట్టణాలకు ఉద్యోగాల కోసం వెళ్తున్నారు. అందుకే ఈ జీవితాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

నాట్యం నేర్చుకున్న ఆఫీసరు గారమ్మాయి

వహీదా 1938 ఫిబ్రవరి 3న మద్రాసుకు దగ్గరలోని చెంగల్పట్టులో జన్మించింది. నలుగురు ఆడపిల్లలలో చివరిది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తండ్రి ప్రభుత్వ అధికారి. బదిలీల ఉద్యోగం కాబట్టి కుటుంబం కూడా ఊరూరా తిరిగేది. అలా తిరిగిన ఊళ్లలో విశాఖపట్నం ఒకటి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. విశాఖ మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉండేది.

చిన్ననాటి నుండి ఆమెకూ, అక్క సయీదాకూ నాట్యం మీద మక్కువ. ముస్లిం కుటుంబంలోని ఆడపిల్లలు భరతనాట్యం నేర్చుకోవడం ఆ రోజుల్లో వింత సంగతి. బంధువులు ఆక్షేపించారు. తండ్రి మాత్రం కళలో తప్పు లేదనీ, మనిషి నడవడికలోనే మంచి చెడ్డలు ఉంటాయనీ వారికి నచ్చజెప్పారట. ఈ మాటను వహీదా తరువాతి రోజుల్లో ఎన్నోసార్లు తలచుకున్నారు.

గురువు దగ్గర కూడా చిక్కు వచ్చింది. ముస్లిం అమ్మాయికి నేర్పడానికి ఆయన మొదట వెనుకాడారు. అమ్మాయి జాతకం తెమ్మన్నారు. వారి ఇళ్లలో జాతకాలు రాయించే అలవాటు లేదు. చివరకు పుట్టిన తేదీ అడిగి తెలుసుకుని గురువుగారే జాతకం వేసి చూశారట. ఆ తరువాత నేర్పడానికి ఒప్పుకున్నారు. జాతకాల సంగతి ఎలా ఉన్నా, తలుపు మూసుకుంటే మరల తట్టి అడగాలని ఆ పసిపిల్లకు అప్పుడే తెలిసింది.

విశాఖలో ఉండగానే మరొక సంఘటన జరిగింది. గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ఆ ఊరు వస్తున్నారు. ఆయన గౌరవార్థం కళా ప్రదర్శన ఏర్పాటు చేయాలి. మద్రాసు నుండి కళాకారులను పిలిపించడం కాదు, స్థానికులే కావాలన్నారు. స్థానికంగా ఎవరున్నారని వెతికితే ఈ అక్కచెల్లెళ్ల సంగతి బయటపడింది. వారిద్దరూ ఆ సభలో నాట్యం చేశారు. మరునాడు పత్రికలలో వారి బొమ్మలు పడ్డాయి. అంతకు ముందు తప్పుపట్టిన బంధువులే అప్పుడు మెచ్చుకున్నారట.

తండ్రి పోయిన ఇల్లు

వహీదాకు డాక్టరు కావాలని కోరిక. ఆ కోరిక తీరలేదు. ఆమె చిన్నతనంలోనే తండ్రి మరణించారు. ఉద్యోగస్తుడైన ఇంటి యజమాని ఉన్నట్టుండి పోతే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో మన చదువరులకు వేరే చెప్పనవసరం లేదు. జీతం ఆగిపోయింది. సర్కారు వారి బంగళా ఇక వారిది కాదు. తల్లి ఆరోగ్యం దెబ్బతిన్నది. త్వరగా పెళ్లి చేసి పంపించేస్తే బరువు తీరుతుందని సలహా ఇచ్చేవారికి కొదువ లేదు.

అటువంటి సమయంలో తండ్రిగారి స్నేహితుడైన ఒక నిర్మాత, తాము తీస్తున్న చిత్రంలో ఒక పాటకు నాట్యం చేస్తావా అని అడిగారు. ఆ చిత్రమే సారథి ఫిలిమ్స్ వారి 'రోజులు మారాయి'. తాపీ చాణక్య దర్శకుడు. అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి నాయికా నాయకులు. దున్నేవాడి భూమిని కాజేయాలని చూసే జమీందారుకూ, కలిసికట్టుగా నిలబడిన రైతులకూ మధ్య జరిగే కథ అది. చిత్రం విడుదలయ్యాక ఊరూరా ఏరువాక పాటే. ఆ బాణీ ఎంతగా నచ్చిందంటే, కొన్నేళ్లకు సచిన్ దేవ్ బర్మన్ దానినే 1960లో వచ్చిన 'బొంబాయి కా బాబూ' అనే హిందీ చిత్రంలో వాడుకున్నారు.

అదే 1955లో నందమూరి తారక రామారావు సొంత సంస్థ నిర్మించిన 'జయసింహ'లో వహీదాకు వేషం దొరికింది. 'రోజులు మారాయి' తమిళంలో తీసినప్పుడు అందులోనూ ఆమే నాట్యం చేసింది. ఇంటికి నాలుగు రూపాయలు రావడం మొదలైంది.

గేదె అడ్డొచ్చిన ప్రయాణం

ఆ రోజుల్లో బొంబాయిలో గురుదత్ అనే యువ దర్శకుడు పేరులోకి వస్తున్నాడు. తెలుగులో 'మిస్సమ్మ' బాగా ఆడుతోందని విని, దానిని హిందీలో తీయవచ్చునేమో చూద్దామని కారులో హైదరాబాదు బయలుదేరాడు. 'మిస్సమ్మ' మన చదువరులకు తెలిసిన కథే. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన మేరీ అనే అమ్మాయిగా సావిత్రి అందులో నటించారు.

దారిలో కారుకు ఒక గేదె అడ్డొచ్చింది. కారు దెబ్బతిన్నది. బాగు చేయించడానికి హైదరాబాదులో కొన్ని రోజులు ఆగవలసి వచ్చింది. ఆయన వెంట ఉన్న రచయిత అబ్రార్ ఆల్వీ ఈ సంగతి తరువాత చెప్పుకొచ్చారు. 'మిస్సమ్మ' తీయాలన్న ఆలోచన అక్కడితో విరమించుకున్నారు. కానీ ఒక పంపిణీదారుని ఆఫీసులో కూర్చుని ఉండగా వీధిలో జనం కేకలు వినిపించాయి. ఏమిటని అడిగితే, 'రోజులు మారాయి'లో నాట్యం చేసిన అమ్మాయి కారు వెళ్తోందన్నారు. అమ్మాయికి ఉర్దూ కూడా బాగా వచ్చునన్నారు. గురుదత్ ఆ పాట రీలు తెప్పించుకుని చూశాడు. తల్లీకూతుళ్లను పిలిపించి కాసేపు మాట్లాడి వెళ్లిపోయాడు.

కొన్ని నెలల తరువాత బొంబాయి నుండి కబురు వచ్చింది. తల్లి కూతురిని వెంటబెట్టుకుని బయలుదేరింది.

రెండు షరతులు

ఇక్కడి నుండి జరిగినది మన ఆడపిల్లలు జాగ్రత్తగా చదవాలి.

బొంబాయి ఆఫీసులో గురుదత్ ఉన్నాడు. మొదటి చిత్రానికి దర్శకత్వం వహించబోయే రాజ్ ఖోస్లా ఉన్నాడు. సంస్థలో మరికొందరు పెద్దలు ఉన్నారు. ఎదురుగా ఈ తల్లీ కూతురూ. ముందుగా పేరు సంగతి వచ్చింది. వహీదా రెహమాన్ అనే పేరు మరీ పొడవుగా ఉంది, జనం నోటికి పట్టదు, మార్చాలి అన్నారు. అందరూ మార్చుకున్నవారే కదా అన్నారు. ఆ మాట నిజమే. దిలీప్ కుమార్ అసలు పేరు యూసుఫ్ ఖాన్. మధుబాల అసలు పేరు ముంతాజ్. మీనా కుమారి అసలు పేరు మహజబీన్. నర్గీస్ అసలు పేరు ఫాతిమా.

వహీదా ఒప్పుకోలేదు. ఇది నా తల్లిదండ్రులు పెట్టిన పేరు, నాకు ఇష్టమైన పేరు, మార్చుకోను అన్నది. వాళ్లు తెల్లబోయారు. కొత్తగా వచ్చిన పిల్ల, ఇంకా ఒక్క హిందీ చిత్రంలోనూ కనిపించనిది, అలా మాట్లాడుతుందని వారనుకోలేదు. కొన్ని రోజులు ఆ చర్చ సాగింది. చివరకు వాళ్లే ఒప్పుకున్నారు.

తరువాత ఒప్పంద పత్రం వచ్చింది. మూడేళ్ల ఒప్పందం. ఆమెకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి సంతకం చేయాలి. తల్లి సంతకం చేయబోతుండగా వహీదా ఆపింది. ఇందులో ఒక మాట చేర్చాలి అన్నది. ఏమిటది? నాకు నచ్చని దుస్తులు వేసుకోను, అలాంటివి ఇస్తే వద్దనే హక్కు నాకు ఉండాలి, అది కాగితం మీద రాయాలి అన్నది.

రాజ్ ఖోస్లాకు కోపం వచ్చింది. కొత్తవాళ్లు షరతులు పెట్టడం ఏమిటని ఆయన భావం. గురుదత్ మాత్రం నిదానంగా విన్నాడు. ఆలోచించుకోవడానికి సమయం తీసుకున్నాడు. చివరకు ఆ షరతు ఒప్పందంలో చేరింది. ఆ తరువాతే సంతకం జరిగింది.

ప్రియమైన పాఠకులారా, ఆ గదిలో ఎవరికి బలం ఉందో ఆలోచించండి. అవసరం ఎవరిది? తండ్రిలేని ఇంటిది. అవకాశం ఎవరి చేతిలో ఉంది? ఎదుటివారి చేతిలో. వద్దు పొమ్మంటే రైలెక్కి వెనక్కు రావలసిందే. అయినా ఆమె తొందరపడి తల ఊపలేదు. గొడవ పడలేదు. ఏడవలేదు. కావలసినదేమిటో స్పష్టంగా చెప్పి, అది రాతలో ఉండాలని అడిగింది. నోటిమాటకు తరువాత సాక్ష్యం ఉండదని ఆ వయసులోనే ఆమెకు ఎలా తెలిసిందో గాని, తెలిసింది.

కాగితం మీది మాట పనికొచ్చిన రోజు

ఆ చిత్రం పేరు 'సి.ఐ.డి.' 1956లో వచ్చింది. దేవ్ ఆనంద్ నాయకుడు. వహీదాది ప్రధాన నాయిక వేషం కాదు. దుష్టుల ముఠాలో చిక్కుకున్న యువతి వేషం. ఒక పాట చిత్రీకరణకు ఇచ్చిన దుస్తులు మరీ పల్చగా ఉన్నాయని ఆమె అభ్యంతరం చెప్పారు. దర్శకుడు మండిపడ్డాడు. షూటింగు ఆగింది. ఆమె గట్టిగా అరవలేదు, ఒప్పందాన్ని గుర్తు చేశారు. దుస్తులు సరిచేసి తెచ్చాకనే పని సాగింది.

1958లో వచ్చిన 'సోల్వా సాల్' చిత్రానికీ రాజ్ ఖోస్లాయే దర్శకుడు. మరల దుస్తుల దగ్గరే తగువు వచ్చింది. మరల ఆమె తగ్గలేదు. దీనికి వెల కూడా చెల్లించవలసి వచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్లు వారిద్దరూ కలిసి పనిచేయలేదు. పట్టుదల గల పిల్ల అని పరిశ్రమలో పేరు పడింది. అయితే ఆ పేరు వల్ల ఆమెకు అవకాశాలు పోలేదు. 1984 నాటికి రాజ్ ఖోస్లా తీసిన 'సన్నీ' చిత్రంలో ఆమె మరల నటించారు. తగువు పని వరకే గాని శత్రుత్వంగా మారలేదన్నమాట.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. దుస్తుల విషయంలో ఇంత పట్టు పట్టిన మనిషి, 1957లో వచ్చిన 'ప్యాసా'లో వేశ్య వేషం ఎలా వేశారు? ఆ చిత్రంలో ఆమె పాత్ర పేరు గులాబో. లోకం తోసిపుచ్చిన ఒక కవి రాసుకున్న కాగితాలు చిత్తుకాగితాల కింద అమ్ముడుపోతే, వాటిని చదివి అతని విలువ గ్రహించినది ఆ వీధి స్త్రీ ఒక్కతే. అన్నదమ్ములు, స్నేహితులు, పెద్దమనుషులు అందరూ అతనిని అమ్ముకుంటే, తన దగ్గర ఉన్నదంతా పెట్టి ఆ కవితలు అచ్చువేయించాలని తాపత్రయపడినది ఆమె. ఆ పాత్రను చూసినవారికి ఆమె మీద జాలి కలుగుతుంది, గౌరవం కలుగుతుంది. ఒళ్లు చూపించి పోషించిన పాత్ర కాదది. కళ్లతో, మౌనంతో పోషించినది. పాత్ర ఎటువంటిదన్నది కథ నిర్ణయిస్తుంది. తన మర్యాద ఎంతవరకన్నది తాను నిర్ణయించుకుంటుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆమెకు తెలుసు.

ఓటమి, వదంతులు

ఎంత నిలకడ గల మనిషికైనా కష్టాలు రాకుండా ఉండవు. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' తీశాడు. మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం అది. ఒక దర్శకుడు, అతను వెలికితీసిన నటి, విడిపోయిన అతని సంసారం, అతని పతనం ఇందులోని కథ. నేడు దానిని గొప్ప చిత్రమని చదువుకుంటున్నారు గాని, విడుదలైనప్పుడు జనం తిరస్కరించారు. ఆ దెబ్బకు గురుదత్ ఆ తరువాత ఏ చిత్రానికీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు.

చిత్రకథనూ జీవితాన్నీ కలిపి లోకం ఎన్నో మాటలు అల్లింది. గురుదత్ భార్య గీతాదత్ పేరున్న గాయని. వారి సంసారంలో కలతలు ఉన్నాయి. 1962లో వచ్చిన 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' తరువాత వహీదా ఆ సంస్థలో మరల నటించలేదు. 1964 అక్టోబరు 10న గురుదత్ తన ముప్పై తొమ్మిదవ ఏట మరణించాడు. పత్రికలు దశాబ్దాల తరబడి ఆమెను ఆ సంగతే అడుగుతూ వచ్చాయి. ఆయన తనకు పని నేర్పిన దర్శకుడని ఎప్పుడూ గౌరవంగా చెప్పారు. సొంత విషయాలు సొంతంగానే ఉండాలని అంతకు మించి పెదవి విప్పలేదు. తనను సమర్థించుకోవడానికి చనిపోయినవారి మీద ఒక్క మాట వేయలేదు. ఊరివారి నోటికి జడిసి బ్రతికే మన పల్లె కుటుంబాలకు ఈ మౌనం ఎంత కష్టమో తెలుసు.

రోజీ, హీరాబాయి, నర్సు రాధ

ఒక్క సంస్థ నీడలోనే పైకి వచ్చిన నటి ఆ నీడ పోయాక నిలబడుతుందా అని సందేహించినవారు ఉన్నారు. ఆమె నిలబడ్డారు. 1962లోనే సత్యజిత్ రాయ్ ఆమెను బెంగాలీ చిత్రం 'అభిజాన్'కు పిలిచారు. ఆ తరువాతి పదేళ్లలో వచ్చిన మూడు పాత్రలు ముఖ్యంగా చెప్పుకోదగినవి.

మొదటిది 1965 నాటి 'గైడ్'. ఆర్.కె. నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీసిన చిత్రం. నాట్యమే కులవృత్తిగా గల ఇంట్లో పుట్టిన రోజీ అనే యువతికి తల్లి గౌరవం కోసం పెళ్లి చేస్తుంది. భర్త ఆమెను నాట్యం చేయనివ్వడు, ప్రేమగా చూడడు. ఆమె ఆ ఇల్లు విడిచి వస్తుంది. భర్తను విడిచిన స్త్రీగా నటిస్తే నీ పేరు పాడవుతుందని పలువురు హెచ్చరించారు. వహీదా ఆ పాత్రనే కోరి వేశారు. చిన్ననాడు నేర్చిన నాట్యమంతా అందులో పనికొచ్చింది. ఆ కథలో రోజీని ఆదుకున్న మనిషే ఒకనాడు ఆమె సంతకాన్ని దొంగతనంగా చేసి జైలు పాలవుతాడు. ఆ పాత్రకు ఆమె ఫిలిమ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు.

రెండవది 1966 నాటి 'తీస్రీ కసమ్'. ఎడ్లబండి తోలుకునే హీరామన్, అతని బండిలో ఒక జాతరకు ప్రయాణించే నాటక స్త్రీ హీరాబాయి. పాటల రచయిత శైలేంద్ర సొంత డబ్బుతో తీశారు. బండి చక్రాల చప్పుడు, ఏటి ఒడ్డు, అమాయకుడైన బండివాడి కబుర్లు చూస్తుంటే బీహారు కథయినా మన ఊరి కథలాగే ఉంటుంది. డబ్బు రాలేదు. శైలేంద్ర ఆ సంవత్సరం డిసెంబరులోనే కన్నుమూశారు. తరువాత ఆ చిత్రానికి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది.

మూడవది 'ఖామోషీ'. మన కుటుంబాలలో నర్సులు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ పాత్ర మనకు మరీ దగ్గరది. పిచ్చాసుపత్రిలో పనిచేసే రాధ అనే నర్సు. ప్రేమ నటిస్తే రోగికి నయమవుతుందని డాక్టరు ఒక ప్రయోగం చేస్తాడు. రోగి కోలుకుని వెళ్లిపోతాడు. నటించవలసిన నర్సు మాత్రం నిజంగానే ప్రేమించింది. ఆ గాయం మానకముందే మరొక రోగిని అలాగే చూడమంటారు. చివరకు ఆమే మతి చలించి తాను పనిచేసిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది. ఇదే కథ 1960లో తెలుగులో సావిత్రి నటించగా 'చివరకు మిగిలేది'గా వచ్చింది. సేవ చేసేవారికి కూడా మనసు ఉంటుందని, దానికీ విశ్రాంతి కావాలని ఎవరూ అనుకోరు. రాధ పాత్ర ఆ సంగతిని సూటిగా చెబుతుంది.

1971లో రాజస్థాన్ ఎడారిలో తీసిన 'రేష్మా ఔర్ షేరా'లో రెండు కుటుంబాల పాత పగ మధ్య నలిగిపోయిన యువతిగా నటించి ఆమె జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

సంసారం, తిరిగి రాక

1974లో ఆమె శశి రేఖీని వివాహం చేసుకున్నారు. ఆయన కమల్‌జీత్ పేరుతో నటించినవారే. పదేళ్ల క్రితం 1964లో 'షగున్' చిత్రంలో ఇద్దరూ కలిసి నటించారు. పెళ్లి తరువాత కొన్నాళ్లకు బెంగళూరు దగ్గర పొలంలో ఇల్లు కట్టుకుని కాపురం ఉన్నారు. ఒక కుమారుడు, ఒక కుమార్తె. వయసులో ఉన్న నాయిక వేషాలు ఇక రావని తెలిసినా ఆమె బెంగపడలేదు. 1973లోనే 'ఫాగున్'లో జయా భాదురికి తల్లిగా నటించారు. 1976లో 'కభీ కభీ'లో అమితాబ్ బచ్చన్‌కు భార్యగా, రెండేళ్ల తరువాత 'త్రిశూల్'లో అతనికే తల్లిగా కనిపించారు. వయసును దాచుకునే రంగంలో ఉండి, వయసు తెచ్చిన పాత్రను వచ్చినట్టే స్వీకరించారు.

1991లో 'లమ్హే' తరువాత తెరకు దూరమయ్యారు. 2000 నవంబరులో భర్త మరణించారు. తరువాత ఆమె బొంబాయి తిరిగి వచ్చి, 2002 నుండి మరల కొన్ని చిత్రాలలో నటించారు. 2006లో వచ్చిన 'రంగ్ దే బసంతి'లో విమాన ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి పాత్ర ఆమెదే. ముసలితనంలో కెమెరా పట్టుకుని అడవులు తిరిగి జంతువుల ఫోటోలు తీయడం కూడా నేర్చుకున్నారు.

తెలుగువారితో ఆమె బంధం తెగిపోలేదు. 1974లో అక్కినేనితో 'బంగారు కలలు', 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం', 2006లో 'చుక్కల్లో చంద్రుడు' ఆమె నటించిన తెలుగు చిత్రాలు. 1955లో అక్కినేని చిత్రంలో నాట్యం చేసిన అమ్మాయి, యాభై ఒక్క ఏళ్ల తరువాత మరల అక్కినేని ఉన్న చిత్రంలో కనిపించింది. 2006వ సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారం ఆమెకు ప్రకటించింది. 2011లో పద్మభూషణ్ వచ్చింది. ఫాల్కే అవార్డుతో సహా ఈ బహుమతులన్నిటి మీద ఉన్నది చెంగల్పట్టులో తల్లిదండ్రులు పెట్టిన ఆ పొడవాటి పేరే. నోటికి పట్టదన్న పేరు దేశమంతటికీ నోటికి పట్టింది.

మన ఇళ్లలో మాట్లాడుకోవలసినది

మన పిల్లలు సినిమా తారలు కాబోరు. కానీ నర్సింగు హాస్టలుకు, బట్టల దుకాణానికి, ఫ్యాక్టరీకి, గల్ఫు దేశాలకు, పట్టణంలో ఇంటి పనికి వెళ్తున్నారు. వెళ్లిన చోట వాళ్ల ముందుకూ ఒక కాగితం వస్తుంది. తొందరగా సంతకం పెట్టమనే మనిషి ఉంటాడు. అందరూ పెట్టారు, నీకేమిటి అనే మాట ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచమని అడిగేవారు ఉంటారు. ఎన్ని గంటల పని, ఎంత జీతం, రాత్రి పూట ఎలా తిరిగి వస్తుంది, మానేయాలంటే ఏం చేయాలి అన్నవి అందులో ఉన్నాయో లేవో చూసే తీరిక ఉండదు.

అందుకని బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. దేనికి సరే అనవచ్చు, దేనికి అనకూడదు? చదువు రాని తల్లి అయినా ఈ మాట అడగవచ్చు. సంతకం పెట్టే ముందు కాగితం ఇంటికి తెచ్చి చదివించుకుంటానని చెప్పడం తప్పు కాదని అమ్మాయికి నేర్పాలి. ఒప్పుకున్న మాట రాతలో ఉండాలని అడగడం అమర్యాద కాదని కూడా నేర్పాలి. అంతకంటే ముఖ్యం, వద్దని చెప్పి వెనక్కు వస్తే ఇంట్లో తలుపు తీసే ఉంటుందన్న ధైర్యం ఇవ్వాలి. ఆ గదిలో వహీదా ఆ రెండు షరతులు చెప్పగలిగినప్పుడు ఆమె ఒంటరిగా లేదు. ఆరోగ్యం లేకపోయినా వెంట వచ్చిన తల్లి పక్కనే కూర్చుని ఉంది. అవసరం ఎంత ఉన్నా కూతురిని తొందరపెట్టలేదు. ఆ మాట కాగితం మీదికి ఎక్కేవరకూ కలం పట్టుకుని ఆగింది.